ఆరంభం కృప, కొనసాగింపు మన కష్టమా?

పౌలు సంఘాలకు రాసిన పత్రికలను వరుసగా చదివేవారికి ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. శుభవచనం చెప్పిన తర్వాత ఆయన సాధారణంగా ఆ సంఘాన్ని బట్టి దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తాడు. కొరింథు సంఘం సంగతే తీసుకుందాం. అక్కడ ఒకడు తన తండ్రి భార్యను ఉంచుకున్నాడు, విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలు వేసుకుని అన్యుల ఎదుట నిలబడ్డారు, ప్రభువు రాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు తాగి మత్తులో ఉన్నాడు. అలాంటి సంఘానికి రాస్తూ కూడా పౌలు "క్రీస్తుయేసునందు మీకు అనుగ్రహింపబడిన దేవుని కృపను చూచి" నా దేవునికి ఎల్లప్పుడూ కృతజ్ఞతలు చెల్లిస్తున్నానని మొదలుపెట్టాడు. గలతీయ ప్రాంతపు సంఘాలకు రాసిన పత్రిక దగ్గరకు వచ్చేసరికి ఆ కృతజ్ఞతాస్తుతి అసలు లేదు. శుభవచనం పూర్తవుతూనే, మిమ్మల్ని పిలిచినవాణ్ణి విడిచి భిన్నమైన సువార్త వైపు ఇంత త్వరగా తిరిగిపోవడం చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉందంటూ మందలింపు అందుకుంటాడు.

మరి గలతీయులు చేసిన నేరమేమిటి? వాళ్లు క్రీస్తును తిరస్కరించలేదు, విగ్రహాల దగ్గరకు తిరిగి వెళ్లలేదు, పత్రికలో వారి మీద కొరింథులో వినిపించినంత ఘోరమైన అపవాదు ఏదీ లేదు. వాళ్లు క్రీస్తును ఉంచుకుంటూనే, ఆయనకు తోడుగా యూదుల ధర్మశాస్త్రం విధించిన సున్నతిని, దినాలు మాసాలు ఆచరించడాన్ని చేర్చుకున్నారు. పైకి చూస్తే అది భక్తిలో ఒక మెట్టు ఎక్కినట్టే ఉంటుంది. అయినా పౌలు దృష్టిలో కొరింథు అక్రమాలకంటే ఈ చేర్పే సంఘపు ప్రాణం మీదకు వచ్చిన ప్రమాదం. "మీరింత అవివేకులైతిరా? మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" అని ఆయన అడిగిన ప్రశ్న అవిశ్వాసులను ఉద్దేశించినది కాదు. అప్పటికే నమ్మి, బాప్తిస్మం పొంది, ఆత్మను అనుభవించినవారిని అడిగిన ప్రశ్న అది. కాబట్టి ఈ వ్యాసంలో నేను మాట్లాడేది కూడా విశ్వాసుల గురించే.

రక్షణ మన అర్హతవల్ల కాక దేవుడు ఉచితంగా చూపే కృపవల్లనేనని మనలో అందరూ ఒప్పుకుంటారు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అనే మాటను సండేస్కూలు పిల్లలు కూడా కంఠతా చెబుతారు. అయితే ఆ వాక్యం మనకు గుమ్మం దగ్గర మాత్రమే పనికొస్తోంది. లోపలికి వచ్చాక బ్రతుకు నడిపించుకోవలసిన భారం మనదేనని, దేవుడు మన పాత అప్పు కొట్టివేసి కొత్త ఖాతా మన చేతికిచ్చి ఇక జాగ్రత్తగా ఉండమన్నాడని, ఎవరూ నోటితో చెప్పకపోయినా, చాలామందిమి అలాగే జీవిస్తున్నాం. నా వాదన ఏమిటంటే, క్రైస్తవ జీవితంలో మొదటి రోజుకు ఎంత కృప అవసరమో చివరి రోజుకూ అంతే అవసరం, కొనసాగింపును మన కష్టం మీద నిలబెట్టుకున్నవాడు ఆరంభాన్ని కూడా పోగొట్టుకుంటాడు. ఇది నా మాట కాదు. "నీతి ధర్మశాస్త్రమువలననైతే ఆ పక్షమందు క్రీస్తు చనిపోయినది నిష్‌ప్రయోజనమే" అన్నవాడు పౌలే.

మన అసలు నమ్మకం ఎక్కడుందో తెలుసుకోవడానికి, పాపంలో పడిన తర్వాత మళ్లీ ప్రార్థన చేయడానికి ఎంతసేపు ఆగుతామో గమనిస్తే సరిపోతుంది. ఒక తండ్రి సాయంత్రం ఇంటికి వచ్చి, ఎక్కడో రేగిన కోపాన్ని బిడ్డ మీద చూపిస్తాడు. అనరాని మాట ఒకటి అంటాడు. బిడ్డ ముఖం వాడిపోతుంది. రాత్రి పడుకునే ముందు అలవాటు ప్రకారం బైబిలు దగ్గరకు చెయ్యి వెళుతుంది గాని, "ఈ నోటితోనా ప్రార్థన చేసేది?" అనిపించి ఆగిపోతుంది. మర్నాడు ఉదయం కూడా అంతే. ఆ రెండు రోజులూ అతను ఇంట్లో మెత్తగా మాట్లాడతాడు, బిడ్డను దగ్గరకు తీసుకుంటాడు, ఎవరికో చిన్న సాయం చేస్తాడు. మూడో రోజుకు ముఖం ఎత్తుకోగలననే ధైర్యం వచ్చి మోకాళ్లూనుతాడు. అతను అపరాధభావంతో బాధపడటాన్ని నేను తప్పు పట్టడం లేదు, బిడ్డతో సరిచేసుకోవడం తప్పనిసరి కూడా. నేను అడిగేది వేరు. ఆ రెండు రోజుల్లో అతన్ని దేవుని ఎదుటికి రావడానికి యోగ్యుణ్ణి చేసినదేమిటి? క్రీస్తు రక్తం మొదటి రాత్రి కూడా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరినవి కాస్త కాలం, కాస్త మంచి నడవడి. వాటిని ఆసరా చేసుకునే అతను మోకాళ్లూనాడు.

ఆ ఎదురుచూపు వినయంలా కనబడుతుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం కష్టం. హెబ్రీయులకు రాసిన పత్రిక కృపాసనం దగ్గరకు "ధైర్యముతో" చేరుదమని పిలిచేది "సమయోచితమైన సహాయముకొరకు", అంటే సహాయం కావలసిన ఆ సమయంలోనే. అపరాధం ఇంకా మండుతున్న రాత్రి కంటే సహాయం కావలసిన సమయం ఏముంది? శుభ్రపడి వస్తానని ఆగినవాడు, తన్ను తాను శుభ్రపరచుకోగలనని నమ్ముతున్నాడు.

ఈ ఎదురుచూపు ముదిరితే ఏమవుతుందో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ జీవితంలో చూడవచ్చు. 1505లో ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరిన ఆ యువకుడు ఉపవాసాల్లో, జాగరణల్లో, నియమాల్లో ఎవరికీ తీసిపోలేదు. సన్యాసి జీవితంవల్ల పరలోకానికి వెళ్లడమే సాధ్యమైతే తాను వెళ్లివుండేవాణ్ణని తరువాతి కాలంలో ఆయనే అన్నాడు. పాపపు ఒప్పుకోలుకు కూర్చుంటే గంటల తరబడి లేచేవాడు కాదు. అన్నీ చెప్పానా, ఏదైనా మరచిపోయానా, చెప్పినవాటికైనా తగినంత దుఃఖపడ్డానా అనే సందేహం వదిలేది కాదు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆయన సత్క్రియలను నమ్ముకుని గర్వించినవాడు కాదు. తన పశ్చాత్తాపాన్ని నమ్ముకుందామని చూసి, అది ఎన్నడూ చాలదని కనిపెట్టి హడలిపోయినవాడు. పశ్చాత్తాపం దేవుడిచ్చే వరంగా కాక మనం చెల్లించే వెలగా మారినప్పుడు, ఎంత చెల్లిస్తే సరిపోతుందో చెప్పేవాడెవడూ ఉండడు. ఆయన ఒప్పుకోలు వినే పెద్ద, యోహాన్ ఫాన్ స్టౌపిట్స్, నిన్ను నువ్వు తవ్వుకోవడం మాని క్రీస్తు గాయాల వైపు చూడమని చెప్పేవాడు. ఆ సలహా లోతు లూథర్‌కు అర్థమవడానికి సంవత్సరాలు పట్టింది. దేవుని నీతి మనల్ని శిక్షించే నీతి మాత్రమే కాదు, విశ్వాసం ద్వారా ఆయన మనకు ధరింపజేసే నీతి అని రోమా పత్రిక మొదటి అధ్యాయంలో చూసినప్పుడు, తాను మళ్లీ పుట్టినట్టు, పరదైసు తలుపులు తెరుచుకున్నట్టు అనిపించిందని ఆయన రాసుకున్నాడు.

భయపడేవాడి సంగతి ఇలా ఉంటే, స్వప్రయత్నం నమ్మకంగా నిలబడితే ఎలా ఉంటుందో, ప్రార్థించడానికి దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు, సుంకరి అనే ఇద్దరి గురించి యేసు చెప్పిన ఉపమానంలో ఉంది. పరిసయ్యుడంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుల వర్గంవాడు, సుంకరి అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఆ ఉపమానాన్ని మనం చాలా తొందరగా చదివేస్తాం. పరిసయ్యుణ్ణి వేషధారి అని తీసిపారేసి ముందుకు వెళ్లిపోతాం. కాని అతని ప్రార్థనలో అబద్ధముందని యేసు ఎక్కడా అనలేదు. అతను వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నాడు. ధర్మశాస్త్రం విధించినది సంవత్సరానికి ఒక్క దినం, అది ప్రాయశ్చిత్తార్థ దినం. సంపాదనంతటిలో పదవ వంతు ఇస్తున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, అతని మొదటి మాట "దేవా" అనే పిలుపు, ఆ తర్వాతది కృతజ్ఞతాస్తుతి. తాను ఇతరుల్లా లేకపోవడం దేవుని వల్లనే అని నోటితో ఒప్పుకుంటున్నాడు! అంటే "అంతా కృపే, దేవునికే మహిమ" అనే మాట ఒక్కటే మనల్ని ఆ పరిసయ్యుడి నుంచి వేరు చేయదు. లూకా ఉపమానానికి ముందే అసలు రోగాన్ని చెప్పాడు: వాళ్లు "తామే నీతిమంతులని తమ్ము నమ్ముకొని యితరులను తృణీకరించు" వారు. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. తన బ్రతుకు తన కష్టంతో నిలబడిందని లోపల నమ్మినవాడికి, నిలబడలేకపోయినవాడి మీద జాలి పుట్టదు. నేను అంత కష్టపడ్డాను కదా, వాడికేం తక్కువైంది అనిపిస్తుంది. సుంకరి మాత్రం దూరంగా నిలబడి, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని మాత్రమే అన్నాడు. రేపటినుంచి మారుతానని కూడా అనలేదు. ఇంటికి నీతిమంతుడుగా తీర్చబడి వెళ్లినవాడు అతనే. అతను మారుతానని మాటివ్వకపోవడాన్ని నేను చాలా సంవత్సరాలు గమనించలేదు. ఇప్పుడు ఆ ఉపమానం చదివిన ప్రతిసారీ అక్కడే ఆగుతాను.

దీనికి ఎదురుగా వచ్చే ప్రశ్న చిన్నది కాదు, దాన్ని అడిగేవారు చెడ్డవారు కారు. ఇలా బోధిస్తే జనం పాడైపోరా? అయిదో శతాబ్దపు ఆరంభంలో రోములో బోధించిన బ్రిటన్ దేశపు సన్యాసి పెలగియస్‌కు కలిగిన ఆందోళన ఇదే. క్రైస్తవులమని చెప్పుకుంటూ నిర్లక్ష్యంగా బ్రతుకుతున్నవారిని చూసి ఆయన నిజాయితీగా బాధపడ్డాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను చేసిన ఒక ప్రార్థన ఆయన చెవిన పడింది: నీవు ఆజ్ఞాపించేది ఇవ్వు, ఆపైన నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు. పెలగియస్ ఆ మాటను భరించలేకపోయాడు. ఆజ్ఞను పాటించే శక్తి కూడా దేవుడే ఇవ్వాలంటే ఇక మనిషి ఎందుకు ప్రయాసపడతాడని ఆయన వాదం. ఆయన కృపను కొట్టిపారేయలేదు. దేవుడు ఇచ్చిన స్వేచ్ఛా చిత్తం, ధర్మశాస్త్రం, క్రీస్తు మాదిరి, పాపక్షమాపణ, ఇవన్నీ కృపే అన్నాడు. ఆ తర్వాత ఆ మాదిరిని అనుసరించడం మాత్రం మన చేతిలో పని. 418లో కార్తేజులో కూడిన సభ ఈ బోధను ఖండించింది, 431లో ఎఫెసు సభ ఆ ఖండనను మళ్లీ నిలిపింది, 529లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్టణంలో కూడిన సభ మరో అడుగు ముందుకు వేసి, నమ్మాలనే తొలి కోరిక కూడా మన వల్ల కాక కృపవల్లనే పుడుతుందని చెప్పింది. సంఘం ఇంత గట్టిగా పట్టుబట్టడానికి కారణముంది. పెలగియస్ చెప్పేదే నిజమైతే సువార్త బలవంతులకు మాత్రమే శుభవార్త. వ్యసనంలో కూరుకుపోయినవాడికి, మనసు చితికిపోయినవాడికి క్రీస్తు మాదిరిని చూపించి ఇలా నడువు అంటే, అతనికి అందేది తీర్పు మాత్రమే.

ప్రయాస మాటకు వస్తే, పౌలు కంటే ఎక్కువ ప్రయాసపడినవాడు ఎవడు? ఆయనే చెప్పుకున్నాడు: "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని. ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే." ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కదాన్ని తీసేసినా పౌలు మనకు అర్థం కాడు. ఫిలిప్పీయులకు కూడా ఆయన భయంతో వణకుతో మీ సొంత రక్షణను కొనసాగించుకోమని చెప్పి, ఎందుకంటే మీలో ఇచ్ఛను, కార్యసిద్ధిని కలుగజేసేవాడు దేవుడే అని కారణం చూపించాడు. దేవుడు పని చేస్తున్నాడు కాబట్టి మీరు ఊరుకోండి అనలేదు, దేవుడు ఊరుకున్నాడు కాబట్టి మీరు చేయండి అని కూడా అనలేదు. తీతుకు రాసినప్పుడైతే మరింత స్పష్టం: భక్తిహీనతను విసర్జించమని మనకు బోధించేది ఆ కృపే. కృపను ఎక్కువగా ప్రకటిస్తే విచ్చలవిడితనం పెరుగుతుందని భయపడి, కాస్త కృప తగ్గించి కాస్త బెదిరింపు కలిపే బోధకులకు ఈ వాక్యం అడ్డుపడుతుంది. కృపను సాకుగా వాడుకునేవారు లేరని నేను అనను, ఉన్నారు. పౌలు కాలంలోనూ ఉన్నారు కాబట్టే "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అనే ప్రశ్న రోమా పత్రికలోకి వచ్చింది. దానికి ఆయన ఇచ్చిన జవాబు, మీరు క్రీస్తుతో కూడ చనిపోయి లేచారన్న సంగతి మరచిపోయారా అని. అంటే వాళ్లకు కావలసినది మరింత కృపా జ్ఞానమే.

మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ జీవితం ఈ సంగతికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లోనే ఆయన బుధ శుక్రవారాల్లో ఉపవాసముండేవాడు, చెరసాలల్లో ఖైదీలను చూసి వచ్చేవాడు, బీదలకు ఇచ్చేవాడు. 1735లో అమెరికాలోని జార్జియాకు పరిచర్యకు వెళ్లి, చావు భయం తనను విడవలేదని తెలుసుకుని, నిరాశతో తిరిగొచ్చాడు. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠికను ఎవరో చదువుతుండగా, రక్షణ కోసం క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముతున్నానని ఆయన హృదయానికి తెలిసింది. ఆ తర్వాత ఆయన పని తగ్గించుకున్నాడా? 1791లో కన్నుమూసే వరకు, యాభై సంవత్సరాలకు పైగా, ఎండా వానా లెక్కచేయక తిరుగుతూ బోధిస్తూనే ఉన్నాడు. మునుపు చేసిన ఉపవాసమే, మునుపు చేసిన పరామర్శే. అయితే ఇప్పుడు వాటి మీద తన రక్షణ భారం లేదు.

స్వప్రయత్నం దూరే ద్వారం ఇంకొకటి ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు నాకు శాంతం నిలవదు. క్రియలను బయటికి నెట్టేశామని చెప్పి, వాటి స్థానంలో విశ్వాసాన్నే ఒక క్రియగా కూర్చోబెట్టడం. ఇంత నమ్మితే ఇంత జరుగుతుంది, జరగలేదంటే నమ్మింది చాలలేదు అనే లెక్క. మా పెద్దమ్మ మంచాన పడిన చివరి నెలల్లో నేను తరచుగా ఆమె దగ్గర కూర్చునేవాణ్ణి. ఒక రోజు పరామర్శకు వచ్చిన ఒకాయన ప్రార్థన ముగించి, "అమ్మా, విశ్వాసంలో ఎక్కడో లోటుంది, అది సరిచేసుకుంటే లేచి తిరుగుతారు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మంచి మనసుతోనే వచ్చాడు. పెద్దమ్మ చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ ఉండి, "ఇంకా ఎట్లా నమ్మాలి నాన్నా? నాకు చేతనైనట్టు నమ్ముతూనే ఉన్నాను కదా" అంది. మందుల మత్తులో ఆమెకు పరలోక ప్రార్థన కూడా పూర్తిగా వచ్చేది కాదు. "మా అనుదినాహారము" దాకా వచ్చి, పెదవులు కదులుతూ కదులుతూ ఆగి నిద్రపోయేది. మెలకువ వచ్చాక మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది. ఆ రోజు ఆమెకు రోమా ఎనిమిదో అధ్యాయం చదివాను. మనం యుక్తంగా ఎలా ప్రార్థించాలో మనకు తెలియదు గాని, "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మనపక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు". "ఆ ముక్క మళ్లీ చదువు" అంది. చదివాను. "అయితే సగంలో నిద్రపోయినా ఫర్వాలేదన్నమాట" అంది.

బిడ్డను యేసు దగ్గరకు తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నప్పుడు, ముందు ఆ అపనమ్మకం పోగొట్టుకుని రా అని యేసు అనలేదు, బిడ్డను బాగుచేశాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకుంటే, అది తొలగలేదు. "నా కృప నీకు చాలును" అనే మాట వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? స్వస్థత అడగవద్దని నేను అనడం లేదు, అడగాలి. కాని విశ్వాసం ఖాళీ చెయ్యి చాపడం. చాపిన చెయ్యి ఎంత బలంగా ఉందో కొలిచి దానిమీద రోగిని తూచడం, గలతీయులు సున్నతిని చేర్చిన పనే.

ఇక మిగిలింది సంఘం సంగతి, ఎందుకంటే కృపను నమ్మడం ఒంటరిగా నేర్చుకోగలిగేది కాదు. మన కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేవారు సాధారణంగా జయం పొందిన తర్వాతే లేస్తారు. ఒకప్పుడు తాగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. ఒకప్పుడు కోపిష్టిని, ఇప్పుడు శాంతం వచ్చింది. దేవునికి స్తోత్రం, అవి నిజమైన సాక్ష్యాలే. కాని ఇంకా పోరాటం మధ్యలో ఉన్నవాడు, మానేసి మళ్లీ మొదలుపెట్టినవాడు, వాటిని వింటూ తన వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటాడు. కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. మనం అతను సర్దుకుని వస్తాడని ఆగుతాం. గలతీ పత్రిక అంతా స్వనీతి మీద నిప్పులు కురిపించిన పౌలు చివరి అధ్యాయంలో చెప్పిన మొదటి సంగతి ఇదే: ఎవరైనా ఒక తప్పితంలో చిక్కుకుంటే, సాత్వికమైన మనసుతో అతన్ని దారికి తీసుకురండి, మీరూ శోధింపబడతారేమో చూసుకోండి. వెళ్లవలసింది మనం. సంఘ క్రమశిక్షణ అక్కర్లేదని దీని అర్థం కాదు, కొరింథులో పౌలే దాన్ని విధించాడు. కాని శిక్షకు గురైన ఒక వ్యక్తి గురించి ఆయన అదే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో, ఆ శిక్ష చాలు, ఇక అతన్ని క్షమించి ఆదరించండి, లేకపోతే అతను అధిక దుఃఖంలో మునిగిపోతాడేమో అన్నాడు. అతను ఎంతకాలం బాగా నడిచి చూపించాలో పౌలు గడువు పెట్టలేదు. మన సంఘాల్లో పెద్దలు ఆ రెండో అధ్యాయాన్ని తెరచి, తాము పెట్టుకున్న గడువులను దాని పక్కన ఉంచి చదవాలని నా మనవి.